అత్తింటి నారు

ఆ ఆదివారం పొద్దున హసన్‌పర్తిలోని ఆ రెండు గదుల ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. బాత్రూం లోపల సారంగపాణి. బాత్రూం బయట అతని భార్య పద్మలత. కిటికీ పక్కన పుస్తకం తెరుచుకుని, పుస్తకంలో తప్ప మిగతా అన్నిచోట్లా ఉన్న వాళ్ల కూతురు యమున. కుర్చీలో, సారంగపాణి ఎక్కే బస్సు నడిపే డ్రైవర్ ఖాజా పాషా. గోడ మీద, పెళ్లిఫొటోలో, పద్మలత తల్లి చిలుకమ్మ.

చిలుకమ్మ ఉన్నట్టే లెక్క గానీ కనిపించదు. ఫొటోలో సరిగ్గా ఆమె ముఖం మీదికి వచ్చేటట్టు సారంగపాణి క్యాలెండర్ తగిలించాడు. పదిహేడేళ్లలో పదిహేడు క్యాలెండర్లు మారాయి. మేకు మాత్రం మారలేదు.

"ఏమయ్యా, లోపల్నే పండుకున్నవా?" అంది పద్మలత తలుపు కొట్టి.

"పండుకోనిస్తే గదా ఈ కడుపు!"

"పాషా అన్న వచ్చిండు."

"కూసోమను."

"ఆయనా కూసున్నడు, నువ్వూ కూసున్నవు. పొద్దుటి నుంచి నిలబడ్డది నేనొక్కదాన్నే."

సారంగపాణి ఆర్టీసీ కండక్టరు. హనుమకొండ నుంచి ములుగుకు ఇరవై ఏళ్లు టికెట్లు కొట్టాడు. మూడేళ్ల కిందట అతని పెద్దపేగులో పుండ్లు పడ్డాయి. అప్పట్నుంచి ఆ రోడ్డు మీద ఊళ్లన్నీ అతనికి వేరే రకంగా గుర్తున్నాయి. గూడెప్పాడ్ అంటే హోటల్ వెనక రేకుల గది. ఆత్మకూరు అంటే బడి పక్కది, సెలవురోజు తాళం ఉంటుంది. మల్లంపల్లి అంటే దేవుడే దిక్కు.

పోయిన చలికాలం మల్లంపల్లి దాటాక బస్సు ఆపించి చెట్ల వెనక్కి పరుగెత్తాడు. బస్సులో ఓ పెళ్లిబృందం ఉంది. అందరూ మర్యాదగా అటువైపు కిటికీలు మూసి కూర్చున్నారు. తిరిగొచ్చాక ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన లేచి తన సీటు ఇచ్చాడు. కండక్టరుకు ప్యాసింజరు సీటివ్వడం! ఆ సీటులో కూర్చుని ములుగు దాకా తల ఎత్తలేదు సారంగపాణి. మర్నాడే సెలవు పెట్టాడు. ఆ సెలవు తోకకు ఇంకో సెలవు, దాని తోకకు మరొకటి.

నిన్న హనుమకొండలో డాక్టరు ప్రేమలత చెప్పింది: "మందులు సరిగ్గా పట్టడం లేదు. ఇట్లాగే ఉంటే పెద్దపేగు తీసేసే ఆపరేషన్ దాకా పోవచ్చు. అంతకన్నా ముందు ఇంకొకటి చేసి చూద్దాం. అందరికీ పనిచేస్తుందని మాటివ్వను. కొందరికి పనిచేస్తున్నది."

ఆ ఇంకొకటి ఏమిటో విని సారంగపాణి కుర్చీలోంచి సగం లేచాడు.

కడుపులో కోట్లకొద్దీ మంచి సూక్ష్మజీవులు ఉంటాయట. అతని కడుపులో అవి చితికిపోయాయట. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, పరీక్షలు చేసి, శుభ్రంగా కలిపి వడగట్టి, గొట్టంతో ఇతని పేగులోకి పంపిస్తారట. మంచివి వెళ్లి అక్కడ స్థిరపడతాయట.

"వేరేటోళ్లది," అన్నాడు సారంగపాణి, "నాకా?"

"పొలంలో పైరు చచ్చిపోతే పక్కమడి నుంచి నారు తెచ్చి వెయ్యమా? అట్లా అనుకో," అంది డాక్టరమ్మ.

పక్కనే ఉన్న యమునకు అప్పుడే కళ్ల ముందొక బస్సు కదిలింది. అందులో వేలెడంత లేని మనుషులు నెత్తి మీద మూటలతో, చంకలో పిల్లలతో ఎక్కుతున్నారు. బాపు మెట్టు మీద నిలబడి "జర ముందుకు జరుగుండ్రి, లోపలంత ఖాళీనే" అని అరుస్తున్నాడు. ఆ బస్సు పోయేది కూడా బాపు కడుపులోకే. డాక్టరమ్మ ఏదో అడిగింది. యమునకు వినపడలేదు. వినపడ్డా జవాబు చెప్పే పిల్ల కాదు. కాలేజీలో ఆమె "ప్రెజెంట్" అని ఎంత మెల్లగా అంటుందంటే, రోజూ బెంచీలోనే ఉన్నా హాజరు పట్టీలో సగం రోజులు లేదు.

అయితే నారు ఎవరి మడి నుంచి తేవాలి? ఆదివారం సభ అందుకే.

"నేనున్న గదా భాయ్!" అన్నాడు ఖాజా పాషా, బాత్రూం తలుపు వైపు తిరిగి. "నీ కోసం జాన్ ఇస్త. గీ సామాన్ ఎంత!"

ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేకపోతున్నారు కాబట్టి ఆ రోజు నుంచి దానికి 'సామాన్' అనే పేరు ఖాయమైంది.

మరుసటి వారం పాషా ఉత్సాహంగా దవాఖానకు పోయి, ఉత్సాహం లేకుండా తిరిగొచ్చాడు. గ్యాసు గోళీలు పల్లీల లెక్క మింగేవాళ్లు పనికిరారట. సారంగపాణి అన్న సారయ్య "నాకు రోగమంటే ఏందో ఎరుకలేదు" అని ఛాతీ విరుచుకుని పోయాడు. రక్తంలో షుగర్ తేలింది. రోగం ఎరుకైంది. ఆ కోపంతో తమ్ముడితో మాట్లాడటం మానేశాడు.

పద్మలత తనకు అడ్డే లేదనుకుంది. పోయిన నెల పంటినొప్పికి యాంటీబయాటిక్ వేసుకున్నారు కదా, వద్దన్నారు.

ఇంటికొచ్చి గిన్నెలు తోమింది. ఆ రోజు గిన్నెలు చాలా శుభ్రపడ్డాయి.

"నాదాన్ల ఏం వంకున్నదంట?"

"వంక కాదు పద్మా. గోళీలు మింగినవు గదా."

"పదిహేడేండ్లు వండి పెట్టిన. అయిదు రోజులు గోళీలు మింగితే పనికిరాకుంట పోయిన్నా?"

"నేనా అన్నది? డాక్టరమ్మ అన్నది."

"నువ్వేమన్న అడ్డం మాట్లాడినవా? మా ఆమెది మంచిదేనమ్మా అని ఒక్క మాటన్న అన్నవా?"

సారంగపాణి ఆలోచించాడు. లోకంలో ఏ భర్తయినా భార్య తరఫున అలాంటి మాట ఎక్కడైనా అన్నాడా అని. తోచక బాత్రూంలోకి వెళ్లిపోయాడు.

యమునకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి అడగలేదు. ఆమెకు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో కిటికీ దగ్గర కూర్చుంటే, గాలికి క్యాలెండరు కొంచెం పక్కకు జరిగింది. కాగితం అంచులోంచి ఒక కన్ను యమునను చూసింది. అమ్మమ్మ కన్ను.

చిలుకమ్మకు యాభై మూడేళ్లు. ములుగు అవతల అడవి అంచు పల్లె. ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి. ఇంతవరకు సూది కూడా వేయించుకోలేదు. జొన్నరొట్టె, ఆకుకూరలు, వెదురుకొమ్ములు, చింతచిగురు తింటుంది. చీకటితో లేస్తుంది. కోడి కూయగానే చెంబు పట్టుకుని పోతుంది. ఆ కూతకు ఒక్కనాడూ ఆలస్యం చేసింది లేదు.

అసలు తంటా అల్లుడి అలక దగ్గరే వచ్చింది. పెళ్లైన మర్నాడు, సారంగపాణివాళ్ల ఆనవాయితీ ప్రకారం కొత్త అల్లుడు విస్తరి ముందు అలగాలి. అత్త వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలాలి. రెండుసార్లు కాదనాలి, మూడోసారి తినాలి. చిలుకమ్మ వాళ్ల పల్లెలో అలకలు లేవు. ఆకలైతే తింటారు, కాకపోతే లేస్తారు.

సారంగపాణి వేటకూర ముందు కూర్చుని ముఖం పక్కకు తిప్పాడు. చిలుకమ్మ వచ్చి చూసింది. నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "కడుపు బాగలేనట్టున్నది బిడ్డా. లంకణం మంచిది," అని విస్తరి ఎత్తి, పక్కన కూర్చున్న సారయ్యకు వేసింది. సారయ్య తినేశాడు.

ఆ రోజు మొదలైన అలక ఇంకా దిగలేదు. "మీ అమ్మింటి మెతుకు ముట్ట" అన్నాడు. ముట్టలేదు. ఆమె పంపిన మామిడికాయ తొక్కు, తేనె, నాటుకోళ్లు, అన్నీ వచ్చిన బస్సులోనే తిరిగి పోయాయి. కండక్టరు కావడంతో తిప్పి పంపడం సులువైంది. మూడేళ్ల కిందట పేగుకు పుండ్లు పడగానే, "అగో, ఆమె నోటివాక్కే తగిలింది," అన్నాడు. "పద్నాలుగేండ్లు నడిచి నడిచి ఇప్పుడు చేరింది."

యమున వంటింట్లోకి వెళ్లి, తల్లి చెవి దగ్గర రెండు మాటలు చెప్పింది.

పద్మలత చేతిలో గరిటె ఆగింది. "నీకేమన్న పిచ్చా? మీ బాపు ఆమె తొక్కే తినడు!"

"ఇది తినేది కాదు గదమ్మా," అంది యమున.

పద్మలత కూతుర్ని కాసేపు చూసింది. ఈ నోరులేని పిల్లలో ఇంత గడుసుతనం ఎప్పుడు దూరిందో అనుకుంది. తర్వాత ఫోన్ తీసి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తల్లికి చేసింది. డాక్టరమ్మ చెప్పిన పొలం సంగతే చెప్పింది.

"గంతేనా? నారు పోసి నాటేసుడన్నట్టు," అంది చిలుకమ్మ. తర్వాత అసలు సంగతి అర్థమై, నవ్వడం మొదలుపెట్టింది. ఎంత సేపు నవ్విందంటే పద్మలత ఈలోగా పప్పు దించి పోపు పెట్టింది.

"పదిహేడేండ్ల సంది ఏది పంపినా మర్లగొట్టిండు. దీన్నెట్ల మర్లగొడతడు బిడ్డా?"

నవ్వు ఆగాక, "అల్లుని పేగు తియ్యకుంట ఆగుతదంటే ఇస్త," అంది మెల్లగా. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంతకు, దేన్ల తేవాలె? టిఫిన్ల తేవాన్నా?"

"ఏం తేకే అమ్మా! నువ్వే రా!"

రక్తం చూశారు. సామాన్ చూశారు. నూటపాతిక ప్రశ్నలు అడిగారు. డాక్టరు ప్రేమలత కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఇంత శుభ్రమైన రిపోర్టులు నేను ఈ మధ్య చూడలేదు," అంది. చిలుకమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని కొంగున కట్టుకుంది. తర్వాత ఊళ్లో ఎవరు వచ్చినా ముడి విప్పి చూపించింది. పద్మలత మాత్రం ఆ కాగితం వైపు చూడలేదు.

"ఆయనకు చెప్పొద్దమ్మా," అని డాక్టరును బతిమాలింది. "పేరు తెలిస్తే బల్ల మీది నుంచి లేచిపోతడు."

"ఎవరిచ్చారో అక్కర్లేదని ఆయనే సంతకం పెట్టారు. నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను," అంది డాక్టరు.

ఇంట్లో సారంగపాణి అడిగాడు, డాక్టరును కాదు, భార్యను. "ఎవరట ఆయన?"

"ఎవరో బయటి మనిషి. ములుగు దిక్కట."

"మంచోడేనా?"

"మంచోడే."

"కల్లు గిట్ల తాగుతడా?"

"తాగడట."

"అత్తమామలను మంచిగ చూసుకుంటడా?"

"సంబంధం చూస్తానవా ఏంది నువ్వు!" అని పద్మలత ముఖం తిప్పుకుంది. తిప్పుకోకపోతే నవ్వు బయటపడేది.

మొదటిసారి గురువారం. ముందురోజు సాయంత్రం చిలుకమ్మ బస్సు దిగి, నేరుగా ఖాజా పాషా ఇంటికి పోయింది. పాషా భార్య జైనాబీ ఆమెకు వేడి వేడి రొట్టెలు పెట్టి, పట్టెమంచం వేసింది. అంతా అనుకున్నట్టే జరిగింది. యమునకు భయమేసింది. అంతా అనుకున్నట్టే జరిగే రోజులు ఆమెకు అలవాటు లేదు.

తెల్లవారి ఏడింటికి దవాఖానలో ఒక గదిలో సారంగపాణి పడుకుని ఉన్నాడు. ముందురోజంతా ఉప్పునీళ్ల మందు తాగి కడుపు ఖాళీ చేసుకున్నాడు. పక్కన పద్మలత. రెండు తలుపుల అవతల, చిన్న బాత్రూంలో చిలుకమ్మ. బయట కాపలా యమున, పాషా. నర్సు ఒకామె మూత డబ్బా కోసం వచ్చి పోతోంది.

ఏడున్నర అయింది. ఎనిమిదైంది. డబ్బా రాలేదు.

"అమ్మమ్మా," అంది యమున తలుపుకు నోరానించి. "ఏమైంది?"

"అయితలేదు బిడ్డా. ఈ కుర్సీ మీద కూసుంటే బస్సుల కూసున్నట్టే ఉన్నది. ఎక్కడికో పోతాన్ననే అనిపిస్తాంది గని..."

పాషా టీ తెచ్చి తలుపు సందులోంచి అందించాడు. తర్వాత వేడినీళ్లు. తర్వాత అరటిపండు. నర్సు వచ్చి గడియారం చూపించింది. "ఆయన ఎంతసేపని పడుకోవాలె? డాక్టరమ్మ ఇంకో పది నిమిషాలు చూసి వాయిదా వేస్తానంటున్నది."

"పొద్దుగాల్నే అయితదంటివి గదమ్మా!" అన్నాడు పాషా.

"కోడి కూస్తేనే గదరా అయ్యేది! జైనాబీ ఇంటి కాడ కోడే లేకపాయె."

పాషా నుదురు కొట్టుకున్నాడు. ఫోనుంటే అందులో కోడి కూత పెట్టవచ్చు. ఫోను జైనాబీ దగ్గర మరిచిపోయాడు. యమునకు ఫోనే లేదు. పద్మలత ఫోను సారంగపాణి చేతిలో ఉంది. అతను పాటలు వింటున్నాడు.

పాషా గొంతు సవరించుకుని తానే కూశాడు. ముప్పై ఏళ్లు దుమ్ము మింగిన ఆ గొంతులోంచి వచ్చింది కూత కాదు.

"పాషా," అంది చిలుకమ్మ లోపల్నుంచి, "అది కోడి గాదు, బస్సు హారను. దానికి నాకు రాదు. బిడ్డా యమునా, నువ్వు కుయ్యి. మనింటి ఎర్రకోడి లెక్క. ఎండకాలం సెలవులల్ల దాని ఎంబడే తిరుగుతవు గదా."

యమున వరండా చూసింది. రెండు వరసల కుర్చీల్లో ఇరవై మంది. ఒక కుర్రాడు కట్టుకట్టిన కాలు చాపుకుని ఉన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ఏదో గుసగుసలాడుతున్నారు. "ప్రెజెంట్" అనే మాటే గొంతు దాటని పిల్లకు ఇది.

నర్సు మళ్లీ వస్తోంది. ఆమె నడకలోనే వాయిదా కనబడుతోంది.

యమున కళ్లు మూసుకుంది.

అమ్మమ్మ వాకిలి. ఇంకా తెల్లవారలేదు. ఇప్పచెట్ల కింద పొగమంచు పాలలాగా పారుతోంది. పొయ్యిలో నిన్నటి నిప్పు ఒకటి ఎర్రగా కళ్లు ఆర్పుతోంది. గంప మీద ఎర్రకోడి మెడ సాచింది. చెట్ల అవతల, ఎక్కడో చాలా దూరాన, మూటలు కట్టుకుని చిన్న చిన్న మనుషులు బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. కోడి కూస్తే బస్సు వస్తుంది. మెట్టు మీద బాపు ఉంటాడు. మునుపటి బాపు, నవ్వే బాపు.

"కొ...క్కొ...రొ...క్కో...!"

వరండా ఆగిపోయింది. నర్సు చేతిలో పళ్లెం జారి, స్టీలు గిన్నెలు మెట్ల దాకా దొర్లుకుంటూ పోయాయి. ఒక ముసలాయన ఉలిక్కిపడి లేచి, తెల్లారిందేమోనని కిటికీ చూశాడు. కాలు విరిగిన కుర్రాడు చప్పట్లు కొట్టాడు. ఎక్కడో మందుల కొట్టు దాకా వినపడ్డదని తర్వాత పాషా అన్నాడు.

లోపల నీళ్ల చప్పుడైంది.

చిలుకమ్మ మూత డబ్బా రెండు చేతులతో పట్టుకుని, బోనం ఎత్తుకున్నంత నిమ్మళంగా బయటికి వచ్చింది. "ఎర్రకోడే," అంది మనవరాలి బుగ్గ పట్టుకుని. "అచ్చం ఎర్రకోడే."

రెండు తలుపుల అవతల సారంగపాణి పాట ఆపి, "ఏందా చప్పుడు?" అన్నాడు.

"ఏం చప్పుడు? నాకినరాలె," అంది పద్మలత. ఆ అబద్ధానికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

అతను భార్య చెవులు చూశాడు. ఫోను ఆమె చేతికిచ్చి, కళ్లు మూసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

మొత్తం అయిదుసార్లు చేశారు, మధ్యలో వారాల ఎడంతో. ఫోను కోడిని చిలుకమ్మ ఒప్పుకోలేదు. "దాన్ల జీవం లేదు," అంది. కాబట్టి యమున అయిదుసార్లూ కూసింది. నాలుగోసారికి వాచ్‌మన్ "ఇయ్యాల కోడి లేటయిందేంది?" అని అడిగేదాకా వచ్చింది.

సారంగపాణి మెల్లగా మారాడు. రెండోసారి తర్వాత బాత్రూంకు పోవడం సగానికి తగ్గింది. మూడోసారి తర్వాత రక్తం ఆగింది. పద్మలత ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని, ఉల్లిగడ్డ కోయకుండానే ఏడ్చింది.

ఇంకో రకంగా కూడా మారాడు. అదే తంటా.

ఒకరోజు చీకటితోనే లేచి గడపలో కూర్చున్నాడు. "నిద్ర పడ్తలేదే. కోడి కూసే యాళ్లయింది గదా," అన్నాడు. ఇంకో రోజు అంగడి నుంచి చింతచిగురు తెచ్చి, "ఎందుకో పానం గుంజుతాంది," అన్నాడు. పద్మలతకు తలనొప్పి వస్తే నుదురు మీద చెయ్యి పెట్టి, "లంకణం మంచిది బిడ్డా," అన్నాడు.

పద్మలత మంచం మీది నుంచి దిగ్గున లేచింది. తలనొప్పి ఎటు పోయిందో తెలియలేదు.

"యమునా!" అంది వంటింట్లోకి లాగి. "మీ బాపు మా అమ్మ లెక్క మాట్లాడుతాండే! నన్ను బిడ్డా అన్నడు! రేపు నన్ను జడ వేసుకోమంటడేమో!"

యమునకు కూడా రాత్రుళ్లు అదే కల. బస్సు దిగిన చిన్న చిన్న మనుషులు బాపు కడుపులో గుడిసెలు వేసుకున్నారు. పందిళ్లు కట్టారు, ఆనపతీగలు పాకించారు. అందరి ముఖాలూ అమ్మమ్మ ముఖాలే. అందరూ కొంగున కాగితాలు కట్టుకుని, ఒకరికొకరు చూపించుకుంటున్నారు. కల బాగానే ఉండేది. లేచాక మాత్రం, చీకట్లో గడప మీద కూర్చున్న బాపు వీపు చూసి మళ్లీ దుప్పటి ముసుగు పెట్టుకునేది.

నాలుగోసారి పోయినప్పుడు పద్మలత డాక్టరును అడిగేసింది. ప్రేమలత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, నవ్వు ఆపుకోవడానికి. "పోయేవి సూక్ష్మజీవులమ్మా, అలవాట్లు కావు. మీ అమ్మ మాటలు సూక్ష్మజీవులకు రావు."

"మరి ఈయనకెట్ల వస్తానయ్?"

"అది మీ ఆయన్ని అడగండి."

అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు. అడిగితే తీగ కదులుతుంది, డొంకంతా బయటపడుతుంది.

ఒకరోజు క్యాలెండరు పక్కగోడ మీదికి మారింది. "మేకు వదులైందే," అన్నాడు సారంగపాణి. ఫొటోలోంచి చిలుకమ్మ నిండు ముఖంతో ఇల్లంతా చూసింది. యమున పాత మేకును పట్టుకుని ఊపింది. అది కదలలేదు.

అయిదోది అయిపోయిన కొన్నాళ్లకు గొట్టం వేసి చూసి, పుండ్లు మానాయని చెప్పింది డాక్టరు. మందులు ఆపొద్దని, మధ్యమధ్య చూపించుకోమని, డ్యూటీకి పోవచ్చని చెప్పింది. సోమవారం పొద్దున సారంగపాణి ఖాకీ చొక్కా తొడిగాడు. అది వదులైంది. అయినా అద్దం ముందు నిలబడి, ఎవరికీ కాకుండా, "రైట్ రైట్" అన్నాడు. పద్మలత గుమ్మంలో నిలబడి, బస్సు కాదు కదా, బస్సు పోయిన దుమ్ము కూడా కనిపించకుండా పోయేదాకా చూసింది.

పొద్దుగూకే ముందు పాషా స్కూటరు చప్పుడైంది. వెనక ఆటో. ఆటోలోంచి ముందు ఒక గంప దిగింది. గంపలోంచి ఎర్రకోడి తల బయటపెట్టింది. తర్వాత చిలుకమ్మ దిగింది. తర్వాత, ఆమె సంచి పట్టుకుని, సారంగపాణి దిగాడు. పాషా స్కూటరు దిగకుండానే చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

పద్మలత, యమున ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"ములుగుల బస్సెక్కింది," అన్నాడు సారంగపాణి మామూలుగా. "టికెట్ కొట్టిన. తోలుకొచ్చిన. వంట చెయ్యనియ్యి ఆమెను."

చిలుకమ్మ ఒక్క మాట మాట్లాడకుండా వంటింట్లోకి పోయి, సంచిలోంచి వేటకూర తీసి పొయ్యి మీద పెట్టింది. కారం తక్కువ వేసింది, డాక్టరమ్మ చెప్పినట్టు. వాసన ఇల్లంతా కమ్ముకుంది. వంటింట్లోనే పీట వేసి, విస్తరి వేసి, అన్నం కూర వడ్డించింది. సారంగపాణి కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

కూర్చుని, ముఖం పక్కకు తిప్పాడు.

"అయ్యో దేవుడా, మళ్ల మొదలు!" అంది పద్మలత గుమ్మంలోంచి. "ఏమయ్యా, ఇంకా పదిహేడేండ్లా?"

చిలుకమ్మ విస్తరి వైపు చూసింది. అల్లుడి వైపు చూసింది. ఈసారి విస్తరి ఎత్తలేదు. ఎదురుగా చతికిలబడి గడ్డం పట్టుకుంది. "తిను బిడ్డా."

"ఊఁహూఁ."

"జర తిను బిడ్డా. నా బంగారమా."

"ఊఁహూఁ."

"ఏం కావాలె మరి నీకు?"

సారంగపాణి ముఖం ఇటు తిప్పాడు. పెదవి కొన దగ్గర ఏదో వణుకుతోంది. "కోడి కూత ఇనాలె."

"తెచ్చిన గదా అల్లుడా, ఎర్రకోడిని."

"అది గాదు. దవాఖానల కూసేది."

పద్మలత చెయ్యి కూతురి చేతిలోంచి జారిపోయింది. యమున ముఖం చెవుల దాకా కుంకుమైంది.

"నీకు... ఎరుకేనా?" అంది పద్మలత.

"మొదటి దినమే. కోడి కూత లేంది చెంబు పట్టని మనిషి ఒక్కతే ఉన్నది నా ఎరుకల. కూసింది నా బిడ్డనాయె. నా బిడ్డ గొంతు నాకు తెల్వదానే?"

"మరి లేచి రాకపోతివి?"

"రావాల్ననే లేసిన." అతను విస్తరి వైపు చూస్తూ అన్నాడు. "చెప్పులల్ల కాలు పెట్టిన. నువ్వు అటు తిరిగి ఉన్నవు. ప్రెజెంట్ అనడానికి నోరు పెగలని పిల్ల, నా కోసం దవాఖానంత ఇనబడేటట్టు కూసింది. ఇంక నేనేం అలుగుదు? మళ్ల పండుకున్న."



"మరి ఆ లంకణం, ఆ చింతచిగురు, నన్ను బిడ్డా అనుడు?" అంది పద్మలత కళ్లు తుడుచుకుంటూ, కళ్లెర్రజేస్తూ.

"మీరిద్దరు కలిసి నాకు కథ పడితిరి. నేనొక్కటి మీకు పడొద్దా? నాలుగు నెలల సంది మీ మొఖాలు చూసి చూసే సగం రోగం తగ్గింది."

"అంటే ఆ నారు పని చెయ్యలేదా?" అంది చిలుకమ్మ చురుగ్గా, కొంగుముడి పట్టుకుని.

"చేసిందత్తా, చేసింది! మిగిలిన సగం దాందే."

పదిహేడేళ్లలో మొదటిసారి అత్తా అన్నాడు. చిలుకమ్మ కొంగుముడి వదిలేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అల్లుడి పక్షాన మనవరాలి వైపు తిరిగింది.

"కుయ్యి బిడ్డా. కూర సల్లారుతాంది. మూడోసారి బతిమాలిన లెక్కయితది."

యమున నోరు తెరిచింది. ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. వెనక గంపలోంచి ఎర్రకోడి కూడా చూస్తోంది. ఆమె నోరు మూసింది. చున్నీ కొస వేళ్లకు చుట్టుకుంది. పథకం వేసింది తనే, చివరికి అందులో ఇరుక్కున్నదీ తనే.

"మొఖాలు చూస్తే దానికి సిగ్గు," అంది చిలుకమ్మ లేచి. "తలుపు అడ్డముంటేనే వస్తది, నా లెక్క. పో బిడ్డా, బయట నిలబడి కుయ్యి."

మనవరాలి భుజాలు పట్టుకుని గుమ్మం దాటించి, చిలుకమ్మ తలుపు మూసింది.